వానాకాలం వేటకు ఏం వేసుకుని వెళ్దాం?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మన యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మన యానాదుల సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. పాటల గురించి, మందు మొక్కల గురించి ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నేను బట్టల గురించి చెప్తాను. పండగ బట్టలు కాదు, వానలో ఎలుకల బుట్టలు పెట్టడానికి, పీతలకు, చేపలకు వెళ్లేటప్పుడు ఒంటి మీద వేసుకునేవి. నవ్వుతున్నారు. నవ్వండి. మా ఇంట్లో ఈ విషయం మీద రెండు సంగతులు జరిగాయి. అవి విన్నాక నవ్వాలో లేదో మీరే చూసుకోండి.

మా మావయ్య కోటు

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. మా మావయ్య ఒక చేపల చెరువు మీద కాపలాకు ఉండేవాడు. అక్కడ ఆయనకు ఒక పాత వాన కోటు, గమ్ బూట్లు ఇచ్చారు. కోటు దళసరిది, మోకాళ్ల కిందికి దిగేది. బూట్లు పిక్కల దాకా వచ్చేవి. మా వాడలో అలాంటివి అప్పటిదాకా ఎవరికీ లేవు. ఆయన వాటిని వేసుకుని నడుస్తుంటే పిల్లలం వెనకాల పోయేవాళ్లం.

ఒక ముసురు రోజున అవే వేసుకుని మా బావతో కలిసి మడ అడవి పక్క పాయలోకి పీతలకు వెళ్లాడు. పాటు మీద దిగారు. పోటు తిరిగే వేళకు ఒడ్డెక్కాలి, అది మనందరికీ తెలిసిన లెక్కే. ఆ రోజు పీతలు బాగా దొరుకుతున్నాయి, ఇంకొకటి, ఇంకొకటి అనుకుంటూ ఉండిపోయారు. నీళ్లు వచ్చేశాయి. బూట్ల పైనుంచి నీళ్లు దిగి ఒక్కో కాలు బిందెలా బరువెక్కింది. కింద బురద పట్టుకుంది. కోటు అంచులు నీళ్ల మీద తేలి మడ వేళ్లకు చిక్కుకున్నాయి. బొత్తాలు గట్టివి, తడిసిన వేళ్లతో ఊడలేదు. నీళ్లు గొంతు దాకా వచ్చాక బావ వేట కత్తితో కోటు వీపు మీద నిలువుగా కోసి ఆయన్ని లాగాడు. బూట్లు ఇప్పటికీ ఆ బురదలోనే ఉండి ఉంటాయి.

మావయ్య బతికాడు. ఇంటికొచ్చి, మన ఇంట్లో ఇక ఎవరూ ఆ దొరల బట్టలు వేసుకోవద్దన్నాడు. అందరం సరే అన్నాం. అక్కడ మేము తప్పు చేశాం.

రెండేళ్ల తరవాత కార్తీకంలో తుపాను వాన పట్టింది. గుడివాడ పక్క చేలల్లో కోతకొచ్చిన వరి, ఎలుకలు విపరీతం. రైతులు పిలిస్తే మావయ్య కొడుకు, నా ఈడువాడే, బుట్టలు తీసుకుని వెళ్లాడు. ఒంటి మీద పలచటి చొక్కా, కాళ్లకు ఏమీ లేదు. మడమ పగుళ్లు, వేలి మీద కొయ్యకాలు కోసిన గాయం. నాలుగు రోజులు ఆ చేల నీళ్లలోనే తిరిగాడు. వారం దాటాక జ్వరం వచ్చింది. పిక్కలు పట్టుకుంటే అరిచేవాడు. కళ్లు ఎర్రబడ్డాయి. వానలో తడిసిన జ్వరమే కదా అని ఐదు రోజులు పసరు తాగించాం. కళ్లు పచ్చబడ్డాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎలుక జ్వరం అన్నారు, ఆలస్యమైంది అన్నారు. వాడు తిరిగి రాలేదు.

కోటు వేసుకుని వెళ్లిన తండ్రి చావు దాకా వెళ్లి వచ్చాడు. ఏమీ వేసుకోకుండా వెళ్లిన కొడుకు పోయాడు. తండ్రి విషయంలో కోటుది తప్పు కాదు, ఆ చోటుకు ఆ కోటు తప్పు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే నేను వచ్చిన పని అయినట్టే. మిగతాదంతా దాని వివరమే.

తాతలకు తెలిసిందే

మన తాతలు ఏం వేసుకునేవాళ్లు? తాటాకు గిడుగు తల మీద పెట్టుకుంటే వీపు దాకా కప్పేది. గోనె సంచి ఒక మూలను రెండో మూలలోకి దోపి ముసుగులా తల మీంచి వేసుకునేవాళ్లు. గొంగళి ఉన్నవాళ్లు గొంగళి. బడిలో మన పిల్లల్ని గోతం ముసుగువాళ్లని ఏడిపించేవాళ్లు. నన్నూ ఏడిపించారు. కానీ ఆ గిడుగును ఒకసారి బాగా చూడండి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వంగి పని చేస్తుంటే వాన వీపు మీంచి జారిపోతుంది. గాలి లోపలికి ఆడుతుంది, చెమట పట్టదు. చెవులు తెరిచి ఉంటాయి. నీళ్లలో పడితే తల ఒక్కసారి విదిలిస్తే పక్కకు పోతుంది.

ఇది మనకొక్కరికే తెలిసిన సంగతి కాదు. మేఘాలయలో ఖాసీ జనం వెదురుతో, ఆకులతో తాబేటి డిప్పలాంటి గూడు చేసుకుని వీపు మీద వేసుకుంటారు. దాన్ని 'క్నూప్' అంటారు. దేశంలోనే ఎక్కువ వాన పడే చోట పొలం పని వంగి చెయ్యడానికి అది పుట్టింది. ఉత్తర ధ్రువం దగ్గర వేటగాళ్లు సీలు పేగుల్ని శుభ్రం చేసి, పొడవుగా చీల్చి కుట్టి, నీళ్లు దిగని పలచటి అంగీలు చేసుకునేవాళ్లు. స్కాట్లండులో చార్లెస్ మాకింతోష్ రబ్బరు పూసిన గుడ్డకు హక్కు పత్రం తీసుకున్నది 1823లో. అంతకు ఎన్నో తరాల ముందే వేటాడే జనం తమ చోటుకు తగ్గ వాన బట్ట తయారు చేసుకున్నారు. కాబట్టి గోతం ముసుగు గురించి సిగ్గుపడకండి. అలాగని గోతమే వేసుకోండని చెప్పడం లేదు. గోతం తడిస్తే మణుగు బరువు, గంటలో ఒళ్లు చల్లబడిపోతుంది. తాత బుద్ధి తీసుకుందాం, బట్ట కొత్తది తీసుకుందాం.

ఆ బుద్ధి నుంచి మూడు ప్రశ్నలు వస్తాయి. చేతులు ఖాళీగా ఉన్నాయా? ఒక్క గుంజుకు ఊడుతుందా? చెవులు, కళ్లు పని చేస్తున్నాయా? ఏ కోటు చూసినా ముందు ఈ మూడూ అడగండి. తడవకుండా ఉంచుతుందా అన్నది నాలుగోది.

చోటును బట్టి

మనం వానలో తిరిగే చోట్లు మూడు. చేను గట్టు, కాలువ, మడ అడవి. మూడింటికీ ఒకటే బట్ట పనికిరాదు.

చేను గట్టు సంగతి. వాన నీళ్లు కలుగులోకి దిగితే ఎలుక గట్టెక్కుతుంది, పాము గట్టెక్కుతుంది, మనమూ గట్టు మీదే నడుస్తాం. 2018 ఆగస్టులో దివిసీమలో వానలకు పాము కాట్లు ఎంత పెరిగాయో, అవనిగడ్డ ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మోపిదేవిలో శాంతి యాగం కూడా చేశారు. ఇక్కడ గమ్ బూట్లు మంచివి. పాము కాటు ఎక్కువగా పాదానికి, చీలమండకు పడుతుంది. రబ్బరు బూటు కొంత అడ్డం. అంతకంటే ముఖ్యం, ఎలుక మూత్రం కలిసిన నీళ్లు గాయాల్లోకి పోవు. ఎలుక జ్వరం క్రిములు వచ్చే దారి అదే: కాలి పగుళ్లు, వేలి గాయం, కళ్లు, నోరు. బూటు వేసుకునే ముందు ప్రతిసారీ తిరగేసి విదల్చండి, లోపల తేలు ఉండొచ్చు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. కోటు నడుం దాకానే ఉండాలి, కింద విడిగా వాన ప్యాంటు. కలుగు దగ్గర గొంతుక్కూర్చుని పొగ పెట్టేటప్పుడు పొడుగు కోటు అంచు నిప్పులో పడుతుంది. ప్లాస్టిక్ అంటుకుంటే ఒంటికి అతుక్కుని కాలుతుంది. పొగ కుండ దగ్గర కోటు తీసి పక్కన పెట్టడమే మంచిది.

రెండోది కాలువ, బోదె, చెరువు. మావులు పెట్టేటప్పుడు, వల విసిరేటప్పుడు నడుం దాటి నీళ్లు ఉంటాయి. ఇక్కడ గమ్ బూట్లు వద్దు. నీళ్లు ఎక్కడైనా మోకాలు దాటతాయంటే బూటు ఒడ్డు మీద ఉండాలి. కాలికి బిగువుగా ఉండి, నీళ్లు దిగిపోయే కాన్వాసు బూటు తాడు గట్టిగా కట్టుకుని వేసుకోండి. పైన పొట్టి కోటు, టిచ్ బటన్లది. టిచ్ బటన్ అయితే రెండు చేతులతో గుంజగానే పైనుంచి కిందికి టపటపా ఊడిపోతుంది. జిప్పు బురదకు పట్టేస్తుంది. తల మీంచి దించుకునే దుప్పటిలాంటి కోటు నడకకు బాగుంటుంది గానీ, వల విసిరేటప్పుడు వలకు చుట్టుకుంటుంది, గాలికి మొహం మీద పడుతుంది. నీళ్లలోకి అది వద్దు.

మూడోది మడ అడవి. నాగాయలంక అవతల, ఎదురుమొండి, నాచుగుంట వైపు పాయల్లోకి వెళ్లేవాళ్లకు చెప్తున్నాను. అక్కడ ఊపిరి వేళ్లు నేలలోంచి మేకుల్లా పైకి ఉంటాయి, గుల్లలు కత్తుల్లా ఉంటాయి. వట్టికాళ్లతో వెళ్లకండి, గమ్ బూట్లతోనూ వెళ్లకండి. కాన్వాసు బూటే. ఒంటి మీద వదులుగా వేలాడేది ఏదీ ఉండకూడదు. నాడాలు, టోపీ తాళ్లు లోపలికి దోపుకోండి. మీ అందరి దగ్గరా క్రికెట్ ఆడే జెర్సీలు ఉన్నాయి కదా, ఒంటికి ఆనుకుని అదే వేసుకోండి. నూలు చొక్కా, జీన్సు ప్యాంటు నీళ్లు పీల్చుకుని బరువెక్కుతాయి, ఆరవు. జెర్సీ పిండితే ఆరుతుంది. కోటు రంగు పసుపో నారింజో కొనండి. నలుపు, ఆకుపచ్చ కొంటే మీరు తప్పిపోయిన రోజున పడవ మీంచి వెతికేవాళ్లకు కనపడరు. పీతకు రంగుతో పని లేదు, మీ అమ్మకు ఉంది.

ఒక్క మాట చట్టం గురించి. ఆ వైపు చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. బావురు పిల్లి అక్కడ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉడుము, తాబేలు, కొంగ, ఏదీ పట్టకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం చేపల వంటి నీటి సంపద మీద మన హక్కును గుర్తించింది గానీ, జంతువుల వేటను మినహాయించింది. నేను వేట అన్నప్పుడల్లా పొలం ఎలుక, పీత, చేప అనే అర్థం చేసుకోండి. అభయారణ్యం హద్దు దాటే ముందు అటవీ శాఖ వాళ్లను అడిగి వెళ్లండి.

కొట్టులో ఏం చూడాలి

బందరు కోనేరు సెంటరుకు వెళ్లినా, గుడివాడ బజారుకు వెళ్లినా కొట్టువాడు ముందు ధర చెప్తాడు, మీరు ముందు కుట్టు చూడండి. కోటు తిరగేసి లోపలి కుట్ల మీద టేపు అతికించి ఉందా లేదా చూడండి. టేపు లేకపోతే ప్రతి సూది బెజ్జం లోంచి నీళ్లు దిగుతాయి. గుడ్డకు నోరు ఆనించి గట్టిగా ఊదండి, అవతల చేతికి గాలి తగిలితే నీళ్లు కూడా వస్తాయి. వేసుకుని అక్కడే గొంతుక్కూర్చోండి, చేతులు పైకెత్తండి, వల విసిరినట్టు తిరగండి. కొట్టువాడు నవ్వినా పరవాలేదు. చంకల కింద గాలి బెజ్జాలు ఉన్నాయా చూడండి, లేకపోతే వానకు తడవకపోయినా చెమటకు తడుస్తారు. ఒంటి చేత్తో గుంజి చూడండి, ఊడాలి.

టోపీ సంగతి మరిచిపోకండి. కోటు టోపీ తల తిప్పినా తిరగదు, కళ్లకు అడ్డం పడుతుంది. కింద అంచున్న మామూలు క్యాపు పెట్టుకుని దాని మీద టోపీ వేసుకుంటే తలతో పాటు తిరుగుతుంది. గట్టు మీద నడిచేటప్పుడు టోపీ వెనక్కి తీసెయ్యండి. తల తడిస్తే తుడుచుకోవచ్చు, రక్తపింజర బుస వినపడకపోతే ఏం తుడుచుకుంటాం?

డబ్బు లేదంటారు. తెలుసు. పలచటి కోటు ఒక వానకే చిరిగిపోతుంది, ఏడాదికి నాలుగు కొంటాం, ఆ నాలుగింటి డబ్బుతో మంచిది ఒకటి వస్తుంది. ఇద్దరు కలిసి ఒకటి కొనుక్కుని వంతులేసుకోండి. అదీ కుదరకపోతే దళసరి బరకం ముక్కకు తల పట్టే బెజ్జం కోసి, పక్కల కుట్టకుండా వదిలేసి, నడుం దగ్గర ముడి జారే తాడు కట్టండి. చేను గట్టు మీదకు అది చాలు. పురుగు మందు వచ్చిన సంచులు మాత్రం ఒంటికి తగలనివ్వకండి. కడిగినా ఆ మందు పోదు, తడి చర్మంలోంచి లోపలికి దిగుతుంది.

కోటు కంటే చవకైనది, కోటు కంటే ముఖ్యమైనది ఒకటి చెప్తాను. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా. అందులో పొడి చొక్కా, పొడి లుంగీ, అగ్గిపెట్టె, బెల్లం ముక్క, కవరులో చుట్టిన ఫోను. మన దగ్గర మంచు పడదు కదా అనుకోకండి. తడి బట్టతో తుపాను గాలిలో రెండు గంటలు నిలబడితే ఒంట్లో వేడి పోతుంది. వణుకు వస్తే ఇంటికి తిరగమని గుర్తు. వణికిన మనిషికి వణుకు ఆగిపోయి మాట ముద్దగా వస్తోందంటే అది ప్రాణం మీదకు వచ్చిందని గుర్తు. తడి విప్పి పొడి తొడిగి, తల కప్పి, 108కి ఫోన్ చెయ్యండి.

ఏ కోటూ ఆపలేనివి

పిడుగును ఏ కోటూ ఆపదు. రబ్బరు బూట్లు వేసుకుంటే పిడుగు తగలదని కొందరంటారు, అబద్ధం. మెరుపు మెరిశాక లెక్కపెట్టండి. 30 లెక్కపెట్టే లోపు ఉరుము వినపడితే పీత కొక్కెం కింద పడేసి, నీళ్లలోంచి బయటికొచ్చి, పక్కా ఇంట్లోకి వెళ్లండి. తాటి చెట్టు కిందకు వెళ్లకండి. ఆఖరి ఉరుము తరవాత 30 నిమిషాలు ఆగండి. ఫోనులో 'దామిని' యాప్ పెట్టుకోండి, పూణేలోని వాతావరణ సంస్థ చేసింది, చుట్టుపక్కల పిడుగుల సమాచారం చెప్తుంది.

ఉప్పెనను ఏ కోటూ ఆపదు. 1864 నవంబరు 1న బందరులో 30 వేల మంది పోయారని రాసి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో మీ ఇంట్లో ముసలివాళ్లను అడగండి. ఆ రోజు పాయల మీద ఉన్నవాళ్లకు ఎవరూ కబురు చెయ్యలేదు. ఇప్పుడు కబురు వస్తోంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున మంచి కోటు ఉంది కదా అని వెళ్లేవాడికంటే, కోటు లేక ఇంట్లో కూర్చున్నవాడు తెలివైనవాడు.

జ్వరం సంగతి మళ్లీ చెప్తున్నాను. చేల నీళ్లలో తిరిగిన నెల లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, పిక్కలు నొప్పులన్నా, కళ్లు ఎర్రబడినా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. "డాక్టరుగారూ, నేను ఎలుకలు పట్టాను, చేల నీళ్లలో తిరిగాను" అని నోరు తెరిచి చెప్పండి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి ప్రాణం పోగొట్టుకోవద్దు. తొందరగా వెళ్తే ఇది మందులకు తగ్గే జబ్బే. పాము కరిస్తే కూడా అంతే. మంత్రం, కట్టు, కోత వద్దు. కాలు కదపకుండా ఆసుపత్రికే.

కూలి లెక్కలో కోటు

ఆఖరి మాట. వానలో మనం ఎవరి పని చేస్తున్నాం? ఎలుక తినేది రైతు వడ్లు, చెరువు గట్టు తెగితే పోయేది యజమాని చేప. ఆ పనికి పిలిచినప్పుడు కూలితో పాటు బూట్లు, తొడుగులు, కోటు అడగండి. "మాకు అలవాటే అయ్యా" అని మన నాయనలు అనేవాళ్లు. అలవాటైతే క్రిమి వదిలిపెట్టదు. అడ్వాన్సు ఇచ్చి కదలనివ్వకుండా వానలో రాత్రంతా కాపలా పెడితే, అది వెట్టి కిందికి వస్తుంది. వెట్టి రద్దు చట్టం వచ్చింది 1976లో. అలాంటిది ఉంటే సంఘానికి చెప్పండి, మేము కలెక్టరుగారి దగ్గరకు వస్తాం.

తమిళనాట మన వంటి ఇరుళలు 1978లో పాములు పట్టే సహకార సంఘం పెట్టుకున్నారు. పాము విషం తీసి, మందు తయారీకి ఇస్తారు. ఆ వృత్తిలోని ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఒకప్పుడు జనం చులకనగా చూసిన విద్యే అది. మన ఎలుక విద్య కూడా పొలానికి విషం జల్లకుండా పంటను కాపాడే విద్య. అది చేతిలో ఉన్న మనిషి వానలో వణుకుతూ, గాయాల కాళ్లతో వెళ్లాల్సిన అవసరం లేదు.

మీలో చాలామంది చదువుకుంటున్నారు, ఈ పనికి వెళ్లరు. సంతోషం. కానీ మీ నాయనో, బావో ఈ నవంబరులో గట్టు మీదకు వెళ్తాడు. మీ మొదటి జీతంతోనో, స్కాలర్‌షిప్పు డబ్బులోంచో ఆయనకు ఒక పసుపు కోటు కొనండి. కొనేముందు ఒంటి చేత్తో గుంజి చూడండి.

మా మావయ్య ఇప్పుడు లేడు. పోయే ముందు ఏడు నేను కొనిచ్చిన పొట్టి కోటు వేసుకుని గట్టు మీదకు వెళ్లాడు. బటన్లు రెండుసార్లు గుంజి చూసి, "ఇది ఊడతదిరా" అన్నాడు. తరవాత కాసేపు ఊరుకుని, "వాడికీ ఒకటి ఉంటే బాగుండేది" అన్నాడు.

జై ఆదివాసీ!